తోకచుక్క ప్రకాశాన్ని కొలవడం

నక్షత్రం మన కంటికి ఒక కాంతి బిందువు. తోకచుక్క అలా కాదు. దాని కేంద్రకం చుట్టూ వాయువు, ధూళి కలిసిన కోమా మసక మచ్చలా పరచుకొని ఉంటుంది. మచ్చ ప్రకాశాన్ని బిందువుతో ఎలా పోల్చాలి? ఆ కొలతల నుంచి ఏమి గ్రహించవచ్చు? ఈ రెండు విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

1. కొలిచే పద్ధతి

ప్రకాశాన్ని మాగ్నిట్యూడ్‌లలో చెబుతాం. సంఖ్య పెరిగితే ప్రకాశం తగ్గుతుంది. ఒక మాగ్నిట్యూడ్ తేడా సుమారు 2.5 రెట్లకు సమానం.

ముందుగా బైనాక్యులర్స్‌తో తోకచుక్కను స్పష్టంగా చూసి, కోమా వెడల్పును, సగటు ప్రకాశాన్ని గుర్తుంచుకోండి. తరువాత మాగ్నిట్యూడ్ తెలిసిన నక్షత్రం వైపు తిప్పి, అది కోమా అంత వెడల్పు మచ్చగా కనిపించేవరకు ఫోకస్ మార్చండి. ఇప్పుడు రెండు మచ్చలను పోల్చవచ్చు. దీనిని సిడ్జ్‌విక్ పద్ధతి అంటారు.

ఉదాహరణకు, తోకచుక్క 5.2 నక్షత్రం కంటే కొంచెం మసకగా, 5.8 నక్షత్రం కంటే బాగా ప్రకాశవంతంగా ఉందనుకోండి. ఆ తేడాలో అది మూడో వంతు దగ్గర ఉంటే దాని మాగ్నిట్యూడ్ 5.4.

పోల్చే నక్షత్రాలు తోకచుక్క ఉన్న ఎత్తులోనే ఉండాలి. దిగంతానికి దగ్గరైనకొద్దీ వాతావరణం ఎక్కువ కాంతిని హరిస్తుంది. తేదీ, సమయం, పరికరం, కోమా వెడల్పు, వెన్నెల ఉందా లేదా అన్నవి తప్పక నమోదు చేయండి.

2. కొలత చెప్పే విషయం

తోకచుక్క భూమికి దగ్గరైతే ప్రకాశం పెరుగుతుంది. ఇది కేవలం దూరం వల్ల వచ్చే మార్పు కనుక లెక్కలో ముందే తీసివేయాలి. మిగిలేది సూర్యుడి ప్రభావం. సూర్యకాంతిని పరావర్తనం చేసే రాతి గోళం 2 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి 1కి వస్తే 4 రెట్లు, అంటే 1.5 మాగ్నిట్యూడ్‌లు ప్రకాశిస్తుంది. తోకచుక్కలో వేడికి మంచు ఆవిరై, కోమా కూడా పెరుగుతుంది. అందువల్ల ప్రకాశం సగటున దూరం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే 16 రెట్లు, 3 మాగ్నిట్యూడ్‌లు.

సగటు అన్న మాటను గమనించండి. 1973 మార్చిలో కోహౌటెక్ తోకచుక్కను కనుగొన్నప్పుడు అది సూర్యుడికి 4 ఖగోళ ప్రమాణాలకు మించిన దూరంలో ఉంది. అంత దూరంలోనే కనిపించడంతో అద్భుతంగా వెలుగుతుందని ఆశించారు. డిసెంబరు 28న అది సూర్యుడిని సమీపించింది. కంటికి కనిపించింది కాని, అంచనాలను అందుకోలేదు. సూర్యుడి సమీపానికి కొత్తగా వచ్చే తోకచుక్కల్లో తేలికగా ఆవిరయ్యే పదార్థాలు దూరంలోనే వెలువడి, తరువాత ఆ వేగం తగ్గడమే కారణమని వివరిస్తారు.

దీనికి భిన్నంగా హోమ్స్ తోకచుక్క 2007 అక్టోబరులో సూర్యుడికి దూరమవుతూనే, రెండు రోజులలోపే సుమారు 17 నుంచి 3 మాగ్నిట్యూడ్‌కు చేరింది. ఏ సూత్రమూ దానిని ముందుగా చెప్పలేదు.

కాబట్టి తొలి కొలతలతో గీసిన రేఖను ముందుకు పొడిగించి నమ్మకూడదు. ప్రతి రాత్రి కొలిచి, గ్రాఫ్‌లో ఒక్కొక్క బిందువు చేర్చాలి. రేఖ వంగిన చోటే కేంద్రకంలో జరిగిన మార్పు బయటపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

భూమికి 2 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉన్న తోకచుక్క మాగ్నిట్యూడ్ 6.0. సూర్యుడి నుంచి దూరం మారకుండా, భూమికి 1 ఖగోళ ప్రమాణం దూరంలో ఉంటే ఎంత?

జవాబు: 4.5