మెదడులోని నెత్తుటి కాలువలు

ఇరువురకు మెడలోని రక్తనాళ మొక్కరీతిగనే పూడినను, ఒక్కొక్కప్పుడు ఒకడు పక్షవాతమున మంచము పట్టును, రెండవవాడు పొలమునకు పోవుచునే యుండును. దీనిని కర్మమని సరిపెట్టుకొనుట సులభము. కాని శరీరమునందే కొంత కారణము గలదు.

మెదడునకు నెత్తురు నాలుగు ధమనులచే చేరును: కంఠమున ముందువైపు రెండు, మెడపూసల రంధ్రముల గుండ రెండు. ఇవి మెదడు అడుగున సన్నని అడ్డుకాలువలచే కలిసి యొక వలయమగును. ఒక తూము పూడిన పొరుగు కాలువనుండి నీరు మళ్లినట్లు, ఇచట నెత్తురు మళ్లును. 1664లో ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్ దీనిని వివరించెను. ఆ గ్రంథమునకు బొమ్మలు వ్రాసినది క్రిస్టఫర్ రెన్. లండనులో సెయింట్ పాల్ చర్చిని నిర్మించిన శిల్పియే! విల్లిస్ కోసిచూచిన యొక శవమున కుడి కంఠధమని మూసుకొనిపోయి, ఆ ప్రక్క వెన్నుధమని మూడింతలు లావెక్కియుండెను. ఆ మనుజుడు మరణించినది వేఱు రోగముచేత.

అయితే పటములలోని నిండు వలయము అందఱికి నుండదు. పెక్కుమందికి ఒక అడ్డుకాలువ దారమువలె సన్నగిల్లియుండును, లేక అసలే యుండదు. ఇది రోగము కాదు, పుట్టుకతోడి భేదము. తూము పూడిననాడే దాని లోటు తెలియును. వలయమునకు ఆవలి కొమ్మలో గడ్డ యడ్డుపడెనా, నిండు వలయమును కాపాడజాలదు.

పొరుగువాడు రెండుదినములకు లేచి తిరిగెనని, పావురపు నెత్తురు పూయుచు కూర్చుండువారిని నేనెఱుగుదును. వాని వలయము వేఱు, మీది వేఱు కావచ్చును. గడ్డను కరగించు మందు సామాన్యముగ నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. అదియును, నాళము పూడినదో పగిలినదో యంత్రముతో చూచిన పిమ్మటనే. మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను, ఆ గడియ గుర్తుంచుకొని 108 బండిని పిలువుడు.