రాక్ సంగీతానికి చిరునామా ఇచ్చిన అలహాబాద్ పత్రిక: అమిత్ సైగల్ నుంచి మనం నేర్చుకోవాల్సింది

మనలో చాలామందికి అమిత్ సైగల్ పేరు తెలియదు. ఆయన సినిమా మనిషి కాదు, రాజకీయ నాయకుడూ కాదు. రాక్ సంగీతం కోసం ఇంగ్లీషులో ఒక పత్రిక నడిపారు. అయినా మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో ఉంటున్న తెలుగువాళ్లం ఆయన గురించి తెలుసుకోవాలి. కొద్దిమందికే ఇష్టమైన ఒక కళను, పెద్ద నగరం అండ లేకుండా దేశమంతటి కంటా పడేలా ఎలా చేయవచ్చో ఆయన చేసి చూపించారు. మన పాట విషయంలో మనకు ఆ పని ఇంకా మిగిలే ఉంది.

అంతకుముందు ఏముండేది?

రాక్ సంగీతానికి పత్రిక అనగానే ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికాలోని రోలింగ్ స్టోన్. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వెన్నర్ అనే యువకుడు, సంగీత విమర్శకుడు రాల్ఫ్ గ్లీసన్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టారు. పెట్టుబడి అప్పుగా సమకూర్చుకున్న 7,500 డాలర్లు. అదే ఏడాది కలకత్తాలో స్టేట్స్‌మన్ సంస్థ జూనియర్ స్టేట్స్‌మన్ అనే యువజన పత్రిక తెచ్చింది. 'జేఎస్' అని అందరూ పిలిచే ఆ పత్రికకు డెస్మండ్ డోయిగ్ సంపాదకులు. మన దేశపు బ్యాండ్ల గురించి, పాటల గురించి అందులో వచ్చేది. 1977లో అది ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మన దేశంలో గిటారు పట్టిన కుర్రాళ్లకు తమదంటూ చెప్పుకోదగ్గ పత్రిక లేదు.

1993లో అలహాబాద్‌లో

ఆ లోటు తీర్చింది బొంబాయి కాదు, కలకత్తా కాదు. ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ అంటున్న అలహాబాద్. కుంభమేళాకూ, హైకోర్టుకూ, హిందీ సాహిత్యానికీ పేరున్న ఊరు. తానూ బ్యాండ్‌లో వాయించిన సైగల్, భార్య షేనా గమాత్‌తో కలిసి 1993లో అక్కడి నుంచే రాక్ స్ట్రీట్ జర్నల్ ప్రారంభించారు.

ఆ రోజులు గుర్తు తెచ్చుకుంటే వాళ్ల ధైర్యం అర్థమవుతుంది. సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అంటే పత్రిక మొదలైన రెండేళ్లకు. కేబుల్ టీవీలో విదేశీ పాటలు కనిపించడం అప్పుడప్పుడే మొదలైంది. షిల్లాంగ్‌లో ఒక బ్యాండ్ ఉందని బెంగళూరు కుర్రాడికి తెలిసే దారి లేదు. బెంగళూరులో ఎవరు ఏం వాయిస్తున్నారో ఢిల్లీకి తెలియదు. ప్రతి ఊళ్లోనూ 'ఈ పిచ్చి మనకొక్కరికే' అనుకునే నలుగురైదుగురు ఉండేవారు. పత్రిక వాళ్లందరికీ ఒకరినొకరిని పరిచయం చేసింది.

పత్రిక ఎలా పని చేసింది?

అచ్చు వేసి అమ్మడంతోనే సరిపెట్టుకుంటే ఆ పత్రిక గురించి ఇంతగా చెప్పుకునేవాళ్లం కాదు. సైగల్ ఒకదానికొకటి ఊతమిచ్చే మూడు పనులు చేశారు.

మొదటిది, రాయడం. మన దేశపు బ్యాండ్ల ముఖాముఖీలు, పాటలపై సమీక్షలు వేశారు. పేరు అచ్చులో చూసుకున్న బ్యాండ్‌కు కాలేజీ ఉత్సవాల్లో పిలుపు రావడం తేలికవుతుంది.

రెండోది, వేదిక. 1997లో గ్రేట్ ఇండియన్ రాక్ అనే ఉత్సవం మొదలుపెట్టారు. అప్పటికి మన బ్యాండ్లలో ఎక్కువమంది విదేశీ పాటలను అచ్చంగా అలాగే వాయించేవారు, వినేవాళ్లు కూడా అవే అడిగేవారు. ఈ ఉత్సవం సొంత పాటలకు పెద్దపీట వేసింది. తర్వాతి కాలంలో నార్వే వంటి దేశాల బృందాలు కూడా ఇక్కడికి వచ్చి మనవాళ్లతో వేదిక పంచుకున్నాయి.

మూడోది, భద్రపరచడం. అదే పేరుతో మన బ్యాండ్ల సొంత పాటలను సంకలనాలుగా విడుదల చేశారు. వేదిక మీద పాడిన పాట ఆ రాత్రితో పోతుంది. రికార్డయితే పదేళ్ల తర్వాత కూడా వినిపిస్తుంది.

కుర్రాళ్లు ఆయన్ని 'పాపా రాక్' అని పిలుచుకున్నారు. 2012 జనవరిలో గోవాలో సముద్రంలో ఈతకు దిగి, మునిగి మరణించారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. రోలింగ్ స్టోన్ మన దేశపు సంచిక 2008లో వచ్చింది, పుణెలో ఎన్‌హెచ్7 వీకెండర్ ఉత్సవం 2010లో మొదలైంది. వాటికి ముందే పాఠకులను, శ్రోతలను తయారుచేసిన వాళ్లలో సైగల్ ముందువరుసలో ఉంటారు.

మరి మన సంగతి?

కోలార్ బంగారు గనుల చరిత్ర రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రావడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు రావడం, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగడం, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడటం, అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఎన్ని టన్నుల రాయి పైకి తీశారో లెక్క ఉంది. ఆ రాయి తీసినవాళ్లు ఇంటికొచ్చి ఏం పాడుకున్నారో లెక్క లేదు.

చిత్తూరు, ఆర్కాట్ వైపుల నుంచి వచ్చిన మనవాళ్లు పాటలు కూడా వెంట తెచ్చుకున్నారు. భజనలు, నాటకాల పద్యాలు, పెళ్లి పాటలు, తర్వాత సినిమా పాటలు. చుట్టూ తమిళం, కన్నడం, ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు. ఈ నాలుగు భాషల మధ్య పెరిగిన చెవి మరోచోట దొరకదు. గనులు మూతపడ్డాక వేలమంది తెల్లవారక ముందే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి రాత్రికి తిరిగొస్తున్నారు. కూర్చుని నేర్పే తీరిక పెద్దలకు లేదు, కూర్చుని నేర్చుకునే తీరిక పిల్లలకు లేదు. ఒక్క తరం మౌనంగా ఉంటే చాలు, ఆ పాట పోతుంది.

రాష్ట్రంలో మనం భాషాపరంగా అల్పసంఖ్యాకులం. బడి గురించి, తెలుగు టీచర్ల గురించి అడుగుతున్నాం. అడగాల్సిందే. కానీ మన పాటను మనమే రాసిపెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలహాబాద్‌లో ఇద్దరు ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా మొదలుపెట్టారు. అప్పుడు వాళ్లకు లేని సెల్‌ఫోన్ ఇప్పుడు మనందరి చేతుల్లో ఉంది.

కాబట్టి మా మనవి ఇదే. ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. నాటకం కరపత్రం దొరికితే దాచండి. పాత ఫొటో వెనక ఎవరెవరో, ఏ ఊరో, ఏ ఏడాదో పెన్సిల్‌తో రాయండి. అవ్వ పాడే పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ఆమె పేరు, తేదీ ముందుగా చెప్పించండి. ఈ ఆదివారం ఒక్క పాటతో మొదలుపెట్టినా చాలు.