క్లౌన్ చేపల కాపురం

క్లౌన్ చేపల్లో పుట్టుకతో ఆడది ఉండదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలన్నీ ముందు మగ దారిలోనే పెరుగుతాయి. వాటిలో పైస్థానం దక్కిన చేప మాత్రమే తర్వాత ఆడదిగా మారుతుంది. అలా మారిన చేప మళ్లీ మగది కాదు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని వీటిని జత కట్టించాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. పిల్లచేపల్లో ఆడదేదో, మగదేదో ఎంత అనుభవమున్న దుకాణదారుడూ చూపించలేడు, ఎందుకంటే అది ఇంకా తేలలేదు. ట్యాంకులో కలిపి పెట్టిన రెండు చేపల మధ్య నడిచే పెత్తనమే దాన్ని తేలుస్తుంది.

ఈ పెత్తనం మూలాలు పగడపు దిబ్బల్లో ఉన్నాయి. నారింజ ఒంటిపై మూడు తెల్లటి పట్టీలుండే ఒసెల్లారిస్ క్లౌన్ చేప 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చిత్రంతో ప్రపంచమంతటికీ తెలిసింది. మన అండమాన్ సముద్రంలోనూ ఇది ఉంది. ఎనిమోన్ అనే ఒక సముద్రజీవిని ఆశ్రయించుకుని ఒక చిన్న గుంపు బతుకుతుంది. అందరిలోకీ పెద్దది ఆడచేప. పరిమాణంలో రెండోది దాని జోడు మగచేప. మిగిలినవి గుడ్ల జోలికి పోని చిన్నవి, అవీ ఒకదాని తర్వాత ఒకటి సైజువారీగా వరుసలో ఉంటాయి. ఆడది చనిపోతే రెండో చేప ఆడదవుతుంది, మూడోది దానికి మగడవుతుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే 1977లో 'నేచర్' పత్రికలో ఈ మార్పును పెత్తనంతో ముడిపెట్టి వివరించారు.

అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం పాపువా న్యూగినీలో బయటపడింది. పెర్క్యులా క్లౌన్ చేపలను గమనించిన పీటర్ బస్టన్, వరుసలో కింద ఉన్న చేప తన పైచేపను మించిపోకుండా ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుందని 2003లో చూపించారు. పైదానికి పోటీ అనిపించేంతగా పెరిగితే అది తరిమేస్తుంది. ఎనిమోన్ వదిలి బయటికి పోయిన చేపను మరో చేప మింగేస్తుంది. అందుకే చిన్నగా ఉండిపోవడం దానికి ఓటమి కాదు, ప్రాణరక్షణ. ఇవాళ కాకపోతే రేపు తన వంతు వస్తుంది.

గాజు ట్యాంకులో ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఇక్కడా అదే పెత్తనం, అదే వరుస. కానీ తరిమితే పారిపోవడానికి చోటు లేదు. లొంగని రెండు చేపలను నాలుగు గోడల మధ్య పెడితే ఒకటి చచ్చేదాకా రెండోది వదలదు. కాబట్టి పెంచేవారి పని గొడవ ఆపడం కాదు, గొడవ త్వరగా తేలిపోయేలా చూడడం. అందుకు సైజులో తేడాయే అసలు సాధనం.

పిల్లచేపలతో మొదలుపెట్టడం అన్నిటికన్నా సులువు. ఒకటి 3 సెంటీమీటర్లు, మరొకటి 4 లేక 5 సెంటీమీటర్లు ఉండేలా ఎంచుకుని రెండింటినీ ఒకేసారి ట్యాంకులో వదలాలి. ముందు వచ్చినది ట్యాంకంతా తనదే అనుకుంటుంది కనుక ఒకేసారి అన్న మాట ముఖ్యం. పెద్దది క్రమంగా ఆడదవుతుంది. గుడ్లు పెట్టే దశకు రావడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. ఇప్పటికే పెద్ద ఆడచేప ఉంటే దానికి బాగా చిన్న పిల్లచేపను తేవాలి. రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో ఆ పిల్లను అదే ట్యాంకులో కొన్నాళ్లు ఉంచితే రెండూ చూసుకుంటాయి, వాసన తెలుస్తుంది. ఆడది పెట్టెను గుద్దడం తగ్గాక, రాళ్లు కొంచెం అటూ ఇటూ మార్చి, లైట్లు ఆపేశాక పిల్లను వదలాలి. రెండు పెద్ద చేపలను కలపడం మాత్రం ఎప్పుడూ వద్దు, అవి రెండూ ఆడవే అయి ఉండవచ్చు. మూడో చేపను తెచ్చి పెట్టడమూ చిన్న ట్యాంకులో దాన్ని చావుకు అప్పగించడమే. జాతులు కలపకపోవడం మంచిది. మెరూన్ క్లౌన్ చేపలో ఆడది మరీ కోపిష్టిది, మగదానికి రెట్టింపుకు మించి పెరగగలదు. కొత్తవారికి ఒసెల్లారిస్సే తగినది.

వదిలాక చూడవలసిన దృశ్యం ఒకటుంది. పెద్దది దూసుకొచ్చి మొప్పల దగ్గర పొడుస్తుంది. చిన్నది పారిపోకుండా పక్కకు ఒరిగి, ఒక్క క్షణం ఒళ్లంతా వణికిస్తుంది. పెద్దది ఆగి, మెల్లగా తిరిగి వెళ్లిపోతుంది. మొదటిసారి చూసినవారు చేపకు జబ్బు చేసిందని కంగారుపడతారు. నిజానికి అది "నువ్వే పెద్దదానివి" అని ఒప్పుకోవడం, జత కుదురుతోందనడానికి అంతకు మించిన గుర్తు లేదు. దవడలు టక్కున మూసి చేసే చిన్న శబ్దాలు కూడా ఈ బెదిరింపుల్లో భాగమే.

భయపడవలసింది వేరే చోట. నోళ్లు కరచుకుని రెండూ వదలకపోతే, రెక్కలు చిరిగిపోతే, ఒకటి మేత మానేసి నీటి పైభాగంలో మూలకు నక్కితే వెంటనే వేరుచేయాలి. రేపు సర్దుకుంటాయని వేచి చూడడం వల్లే చాలా చేపలు చనిపోతాయి.

ఎనిమోన్ లేకుండానూ జత కుదురుతుంది. ఎనిమోన్‌కు గట్టి వెలుగు, నిలకడైన పాత ట్యాంకు కావాలి కనుక కొత్తవారు దాన్ని తేకపోవడమే మేలు. చేపలు పగడాన్నో, మట్టికుండనో, పంపు పక్కనున్న మూలనో తమదిగా చేసుకుంటాయి. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య, దాని సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉంటే చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం ప్రాంతీయ కేంద్రం లాంటి చోట్ల హేచరీల్లో క్లౌన్ చేపలను పెంచే పద్ధతి అభివృద్ధి చేశారు. హేచరీ చేప దొరికితే అదే కొనాలి. సముద్రంలో పట్టిన చేప కన్నా అది ట్యాంకుకు త్వరగా అలవాటుపడుతుంది, దిబ్బలకూ నష్టం ఉండదు.

జత స్థిరపడ్డాక రెండూ ఒకే చోట నిద్రపోతాయి. మగది ఒక రాయిని నోటితో శుభ్రం చేయడం మొదలుపెడుతుంది. ఆడది అక్కడ నారింజ రంగు గుడ్లు అంటిస్తుంది, వాటికి రెక్కలతో నీరు విసిరే పని ఎక్కువగా మగదానిదే. వారం, పది రోజుల్లో గుడ్లలో వెండి కళ్లు మెరుస్తాయి, చీకటి పడ్డాక గుడ్లు పగులుతాయి. ఈ రోజుల్లో ట్యాంకులో చెయ్యి పెడితే ఆడచేప కరుస్తుంది.

మగచేప పోతే ఆడదానికి మళ్లీ చిన్న పిల్లచేపనే తేవాలి. ఆడది పోతే మిగిలిన మగదాని ప్రవర్తన ముందు మారుతుంది, అండాశయం తర్వాత నెలల మీద ఏర్పడుతుంది. అప్పుడూ దానికన్నా చిన్నదాన్నే జోడుగా ఎంచుకోవాలి.