రథము – సారథి

ఎమ్మిగనూరులో పుష్యమాసమున నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. ఆ దినములలో బండలాగుడు పోటీలు చూచుటకు చుట్టుపట్ల గ్రామములనుండి జనము విరివిగా వత్తురు. పోటీకి వచ్చిన ఎద్దుల జతల కన్నిటికిని బండ ఒక్కటే, కాలమును ఒక్కటే. ఆ కాలములో ఏ జత ఎక్కువ దూరము లాగునో ఆ జత గెలిచినట్లు. పోటీ ముగిసి ఇంటిదారి పట్టునప్పుడు జనములో తప్పక ఒక వాదము పుట్టును. ఒకడు "ఎద్దుల సత్తువ అట్టిది" అనును. వేరొకడు "సత్తువ ఎవరి ఎద్దులకు లేదు? అది తోలినవాని నేర్పు" అనును. ఆదోని బస్సు వచ్చి నిలుచువరకు ఆ వాదము తెగదు.

ఇది క్రొత్త వాదము కాదు. భారతములోని నలుని కథ మీకు తెలిసినదే. బాహుకుడను పేరుతో మారురూపమున ఉన్న నలుడు ఋతుపర్ణుని కుండినపురమునకు ఒక్క దినములో చేర్పవలసివచ్చెను. అతడు ఏరి తెచ్చిన గుర్రములు చూపునకు బక్కచిక్కినవి. వానిని చూచి రాజు కోపించెను. కాని పగ్గములు బాహుకుని చేతికి రాగానే రథము గాలివలె సాగెను. రాజు తన ఉత్తరీయము జారిపడినదని, రథము నిలుపుమని కోరునప్పటికే అది ఎంతో దూరము వెనుకబడిపోయెను. ప్రక్కన కూర్చున్న వార్ష్ణేయుడు, ఇతడు ఇంద్రుని సారథియగు మాతలియా, లేక నలుడేనా అని తనలో తాను విచారించెను. గుర్రములను చూచి అతడీ అనుమానము పొందలేదు. వానిని తోలిన తీరును చూచి పొందెను.

నేటి రథములు మోటారు కార్లు. కార్ల పందెములలో ప్రధానముగా రెండు తెగలు కలవు. మొదటి తెగ కార్లలో ఒక్కనికే చోటుండును, పైకప్పు ఉండదు, చక్రములు బయటికి కనబడుచుండును. వీనిని ఫార్ములా కార్లందురు. రెండవ తెగకు టూరింగు కార్లని పేరు. ఇవి మనము వీధిలో చూచు కార్లను పోలియుండును. కప్పు, తలుపులు, అద్దములు అన్నియు ఉండును. లోపలి మెత్తలు, వెనుక ఆసనములు తీసివేసి, కారు బోర్లపడినను చోదకుడు నలుగకుండునట్లు ఉక్కు గొట్టములతో పంజరము నిర్మింతురు. ఫార్ములా కారు నడుపువాడు తన ముందు చక్రములను కన్నులార చూడగలడు. టూరింగు కారులోనివానికి అవి కనబడవు, వాని స్థానమును అతడు ఊహించి తెలిసికొనవలెను. పైగా మూసిన కారులో వేడి విపరీతము.

టూరింగు కార్ల జాతీయ పోటీలు ఇంగ్లండులో 1958లో మొదలయ్యెను. ఆ మొదటి సంవత్సరముననే మన ఎమ్మిగనూరు వాదము అక్కడ తలయెత్తెను. చిన్న ఇంజను కార్లు, పెద్ద ఇంజను కార్లు వేరువేరు తరగతులుగా పోటీపడుచుండుటచే, చివరకు జాక్ సియర్స్, టామీ సాప్‌విత్ అను ఇద్దరికి సమానముగా మార్కులు వచ్చెను. ఒకడు నడిపినది ఆస్టిన్ కారు, మరొకడు నడిపినది జాగ్వారు. నాణెము ఎగురవేసి విజేతను తేల్చుదమని నిర్వాహకులు సూచించిరి. సంవత్సరమంతయు శ్రమించిన ఇద్దరును దానికి సమ్మతింపలేదు. అప్పుడు బ్రాండ్స్ హాచ్ అను పందెపు బాటలో ఒకే విధమైన రెండు రైలీ కార్లు తెచ్చి నిలిపిరి. ఒక్కొక్కరు అయిదు చుట్లు నడిపి, కార్లు మార్చుకొని, తిరిగి అయిదు చుట్లు నడిపిరి. రెండుమార్లు పట్టిన కాలమును కూడి చూడగా సియర్స్ 1.6 సెకనుల తేడాతో గెలిచెను. ఈ సియర్స్ వృత్తిచేత వ్యవసాయదారుడు. నేను ఎరిగినంతలో ఇంత న్యాయమైన తీర్పు ఏ క్రీడలోను అరుదు.

ఇక తెలుగువాడైన ఒక చోదకుని సంగతి. ఆదోని పత్తి వ్యాపారులకు కోయంబత్తూరు పేరు క్రొత్త గాదు. కొన్ని శతాబ్దముల క్రిందట తెలుగుదేశము విడిచి ఆ ప్రాంతమున స్థిరపడిన కుటుంబములు అక్కడి నల్లరేగడిలో పత్తి పండించి, పిదప మిల్లులు కట్టి, యంత్రములతో చెలిమి చేసినవి. 1920లోనే పొల్లాచ్చి, పళని ఊళ్లమధ్య బస్సు నడిపిన జి. డి. నాయుడు ఆ తెలుగువారిలోనివాడే. 1988లో చిన్న మారుతి కారు ఇంజనును ఒంటి ఆసనపు పందెపు కారులో అమర్చి, మన దేశపు యువకులకు తక్కువ ఖర్చుతో అందించిన కరివర్ధన్ కూడ కోయంబత్తూరువాడే. అతడు 1995లో విమాన ప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు సమీపమున ఉన్న కరి మోటారు పందెపు బాట అతని పేరిటనే వెలసెను.

ఆ నగరపు తెలుగు కుటుంబములలో ఒకదాన 1977 జనవరి 14వ తేదీన నారాయణ్ కార్తికేయన్ జన్మించెను. తండ్రి జి. ఆర్. కార్తికేయన్ దూరప్రయాణపు కారు పోటీలలో పేరుమోసినవాడు. దక్షిణ భారత ర్యాలీని ఏడుమార్లు గెలిచెను. కుమారుడు 15 ఏండ్ల వయస్సున, 1992లో, ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలలో చేరెను.

పందెపు కారు నడుపుటకు పాఠశాల ఏల అని మీరు అడుగవచ్చును. వేగపు మీట త్రొక్కిపట్టుట ఎవరికైనను చేతనగును. నేర్పు బయటపడునది మలుపువద్ద. గంటకు 300 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 83 మీటర్లు. ఆదోనినుండి ఎమ్మిగనూరు ఇంచుమించు ఆరు నిమిషముల దారి! ఆ వేగమున బ్రేకు వేయుటలో సెకనులో పదవవంతు ఆలస్యమైనను కారు ఎనిమిది మీటర్లు ముందుకు పోవును. ముందుగా వేసినచో ప్రక్కవాడు దాటిపోవును. ఆలస్యముగా వేసినచో మలుపు తప్పును.

బస్సు చటుక్కున నిలిచినప్పుడు మనము ముందుకు తూలుదుము గదా! కారు భారము కూడ అట్లే ముందు చక్రములపైకి వచ్చును. ముందు టైర్లు నేలను గట్టిగా కరచును, వెనుకవి తేలికపడును. ఆ క్షణమున చుక్కానిని మొరటుగా త్రిప్పినచో కారు తోక ప్రక్కకు జారిపోవును. కావున నేర్పరి బ్రేకును ఒక్కమారుగా వదలడు. చుక్కానిని త్రిప్పుచున్నకొలది కొంచెము కొంచెముగా వదలుచుండును. మలుపులోనికి బాట వెలుపలి అంచునుండి ప్రవేశించి, లోపలి అంచును తాకి, తిరిగి వెలుపలి అంచునకు చేరును. ఇట్లు చేసినచో కారు గీయు వంపు పెద్ద వృత్తములోని భాగమగును. వంపు పెద్దదైనకొలది వేగము తగ్గింపవలసిన పని తగ్గును. మీ జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖినితో దీనిని కాగితముపై గీసి చూడవచ్చును. రోడ్డుపై మాత్రము చూడవలదు. ఎదుటినుండి ఎవ్వరును రారని నమ్మకముగల మూసిన బాటలకే ఈ విద్య చెల్లును.

ఈ విద్య నేర్చి నారాయణ్ 1994లో ఇంగ్లండున ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీలలో విజేత అయ్యెను. యూరపులో అట్టి బిరుదు పొందిన మొదటి భారతీయుడు అతడే. 1996లో ఫార్ములా ఆసియా పోటీలను గెలిచెను. 2001 జూన్ 14న సిల్వర్‌స్టన్‌లో జాగ్వారు జట్టువారి ఫార్ములా వన్ కారును పరీక్షార్థము నడిపెను. అంతకుముందు ఆ తరగతి కారును ఏ భారతీయుడును నడిపియుండలేదు. 2005లో జోర్డన్ అను జట్టు అతనిని చేర్చుకొనెను. పేరు ఫార్ములా వన్ అయినను ఆ జట్టు కారు మందగతి కార్లలో ఒకటి. నలుని బక్క గుర్రములవంటివి కూడ కావవి, నిజముగానే బలహీనములు.

ఆ సంవత్సరము జూన్ 19న అమెరికాలోని ఇండియానపొలిస్‌లో అతడు నాలుగవ స్థానమున నిలిచి అయిదు పాయింట్లు సంపాదించెను. పత్రికలు దీనిని గొప్పగా వ్రాసినవి. ఉన్నమాట చెప్పవలయును గదా: ఒక కంపెనీ టైర్లు ఆ బాటకు తాళవని తేలి 14 కార్లు పందెము మానుకొనగా, పరుగెత్తినవి ఆరు మాత్రమే. అదే జోర్డన్ కారును నడిపిన పోర్చుగీసు సహచరుడు టియాగో మాంటైరో అతనికంటె ముందు మూడవవాడుగా వచ్చెను. అయినను తొలి సంవత్సరమున, ఆ గందరగోళములో కారును చెడగొట్టక గమ్యము చేర్చుట తీసివేయదగినది కాదు. 2011, 2012 సంవత్సరములలో అతనికి దొరికిన హిస్పానియా కారు మరింత వెనుకబడినది. 2011 అక్టోబరు 30న ఢిల్లీ సమీపమున స్వదేశములో జరిగిన పందెమున అతడు 17వ స్థానముతో తృప్తిపడవలసివచ్చెను.

మరి సమానమైన బండ ఇచ్చినచో? ఏ వన్ గ్రాండ్ ప్రి అను పోటీలు కొన్ని ఏండ్లు జరిగెను. అందు దేశమునకొక జట్టు; అన్ని జట్లకును ఒకే విధమైన కారు. నారాయణ్ భారత జట్టు తరపున 2007లో చైనాలోని జుహాయిలోను, 2008లో ఇంగ్లండులోను పందెములు గెలిచెను. ఇంగ్లండులో గెలిచిన బాట ఏది? యాబది ఏండ్ల క్రిందట సియర్స్, సాప్‌విత్‌లు కార్లు మార్చుకొనిన ఆ బ్రాండ్స్ హాచ్‌యే. 2010లో మన ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చెను.

2014 నుండి అతడు జపానులో ఒంటి ఆసనపు కార్లు నడిపెను. 2019లో కప్పుగల కార్లవైపు మరలి, సూపర్ జీటీ పోటీలలో తడసుకె మకినో అను యువకునితో కలిసి హోండా కారు నడిపెను. ఆ పోటీలలో ఒక పందెమున ఒకే కారును ఇద్దరు వంతులవారీగా నడుపుదురు. ఆ యేడాది నవంబరులో ఫ్యూజీ పర్వతపు పాదమున ఒక విశేష పందెము ఏర్పాటయ్యెను. జర్మనీ టూరింగు పోటీలలోని ఆడి, బీఎండబ్ల్యూ కార్లును, జపానుకు చెందిన హోండా, నిస్సాన్, లెక్సస్ కార్లును ఒకేచోట తలపడినవి. ఇంజన్లు అన్నియు రెండు లీటర్లవే. టైర్లు ఒకే కంపెనీవి. ఒక చుట్టు 4.563 కిలోమీటర్లు, అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు తిన్నని బాట. ఆ బాట చివర వచ్చు మలుపువద్దనే చోదకుల నేర్పు తేలును. మొదటి దినము న్యూజిలాండు చోదకుడు నిక్ కాసిడీ గెలిచెను. రెండవ దినమగు నవంబరు 24న ప్రమాదములు జరిగి, రక్షక కారు వెనుక అందరును నెమ్మదిగా సాగవలసివచ్చినది. అట్లు సాగుచున్నంతసేపు టైర్లు చల్లబడి పట్టు తప్పును, వెనుకనున్నవారు దగ్గరకు చేరుదురు, ముందున్నవాడు సంపాదించిన దూరము వ్యర్థమగును. అట్టి పందెమున 42 ఏండ్ల నారాయణ్ అందరికంటె ముందు గీత దాటెను.

ఇంజను కొలతయు టైర్లును సమానమైనను, కార్లు కట్టిన కంపెనీలు వేరు గనుక, ఎమ్మిగనూరు వాదము ఇక్కడ పూర్తిగా తీరినదనలేము. ఇంకొకమారు చూచి తేల్చుకొందమన్నను వీలు లేకపోయెను. ఆ రెండు దేశముల ఉమ్మడి పందెము ఆ తరువాత జరుగలేదు.