గుండెపోటు తర్వాత స్టెంట్: గంటల్లోనా, రోజుల్లోనా?

కార్డియాలజీ వార్డు బయట రెండు రకాల కుటుంబాలు కనిపిస్తాయి. నొప్పి మొదలై రెండు గంటలైనా కాకముందే డాక్టర్ స్టెంట్ వేయాలంటే, ‘ఇంత తొందరేమిటి, రెండ్రోజులు మందులు వాడి చూద్దాం’ అనేవాళ్లు కొందరు. గుండెపోటు వచ్చి వారం దాటి, రోగి లేచి తిరుగుతూ ఉంటే, ‘ఇప్పుడే స్టెంట్ వేయించకపోతే ప్రాణానికి ముప్పట’ అని అప్పు కోసం పరుగులు తీసేవాళ్లు మరికొందరు. పరుగెత్తాల్సిన చోట ఆగిపోతున్నారు, ఆగి ఆలోచించదగిన చోట పరుగెత్తుతున్నారు. స్టెంట్ వల్ల కలిగే మేలు అది ఎప్పుడు వేశారన్న దాన్ని బట్టి మారిపోతుందన్న సంగతి ఇంకా ఇళ్లకు చేరలేదు.

అపోహ: గుండె కాస్త కుదుటపడ్డాక స్టెంట్ వేస్తేనే క్షేమం

వైద్యులు ‘స్టెమీ’ అని పిలిచే తీవ్రమైన గుండెపోటులో రక్తనాళం సాధారణంగా పూర్తిగా మూసుకుపోతుంది. నాళం గోడలో కొవ్వు పేరుకున్న చోట పైపొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఆ నాళాన్నే నమ్ముకున్న కండరం అరగంట అటూఇటుగా చచ్చిపోవడం మొదలుపెడుతుంది. ముందు లోపలి పొర పోతుంది, అక్కడి నుంచి నష్టం బయటి పొరవైపు పాకుతుంది. ఆరు గంటలు దాటితే దక్కించుకోగలిగేది బాగా తగ్గిపోతుంది. పన్నెండు గంటలకు మరీ తక్కువ. పోయిన కండరం మళ్లీ పుట్టదు, ఆ చోట మచ్చ మిగులుతుంది. కుదుటపడుతుందని ఎదురుచూసే రెండు రోజుల్లో నిజానికి గుండె నష్టపోతూనే ఉంటుంది.

అందుకే ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని, స్టెమీ అని తేలినప్పటి నుంచి 120 నిమిషాల్లోపు బెలూన్, స్టెంట్ చికిత్స అందగలిగితే అదే మొదటి మార్గమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అపోహ: గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాసిరకం వైద్యం, నేరుగా పట్నానికే వెళ్లాలి

ఈ నమ్మకం ఊళ్లలో చాలా నష్టం చేస్తోంది. ఏజెన్సీ గ్రామం నుంచి స్టెంట్ వేసే క్యాత్‌ల్యాబ్ ఉన్న ఆస్పత్రికి చేరడానికే మూడు నాలుగు గంటలు పడితే 120 నిమిషాల లెక్క దారిలోనే తప్పిపోతుంది. అక్కడ ప్రాణం నిలిపేది దగ్గరలోని ఆస్పత్రిలో ఇచ్చే టెనెక్టిప్లేస్ ఇంజెక్షనే. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, నరంలోకి కొద్ది సెకన్లలో ఒక్కసారిగా ఎక్కించేస్తారు.

2013లో వెలువడిన ‘స్ట్రీమ్’ అధ్యయనం ఈ విషయాన్నే పరీక్షించింది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చి, గంటలోపు స్టెంట్ అందే వీలులేని 1,892 మందిని రెండు జట్లు చేశారు. ముందు ఇంజెక్షన్, ఆ తర్వాత యాంజియోగ్రామ్ అన్న జట్టులో 30 రోజుల్లో మరణం, షాక్, గుండె వైఫల్యం, మళ్లీ గుండెపోటు వంటివి కలిపి 12.4 శాతం. నేరుగా స్టెంట్‌కు పంపిన జట్టులో 14.3 శాతం. అంటే ఫలితాలు దాదాపు సమానమే. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ జట్టులో కొంచెం ఎక్కువ. అందుకే ఇటీవల పక్షవాతం వచ్చినవారికి, రక్తస్రావం ముప్పు ఉన్నవారికి ఇవ్వరు. వృద్ధులకు మోతాదు తగ్గిస్తారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో స్టెమీ కార్యక్రమం మొదలుపెట్టి, బయట వేల రూపాయలు ఖరీదు చేసే ఈ ఇంజెక్షన్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఈ సంగతి ప్రతి ఊరికీ తెలియాలి.

ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందని ఇంటికి వెళ్లిపోవడం ఇంకో పొరపాటు. గంట, గంటన్నర తర్వాత మళ్లీ ఈసీజీ తీస్తారు. స్టెమీలో ఈసీజీ కాగితం మీద పైకి లేచే గీత కనీసం సగానికైనా దిగకపోతే నాళం తెరుచుకోలేదని అర్థం, అప్పుడు వెంటనే స్టెంట్‌కు పంపాలి. దిగినా సరే, 2 నుంచి 24 గంటల మధ్య యాంజియోగ్రామ్ చేయించుకోవాలి.

అపోహ: ఎంత ఆలస్యమైనా స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుంది

2006లో వచ్చిన ‘ఓట్’ అధ్యయనం ఫలితం అప్పట్లో వైద్యులకే మింగుడుపడలేదు. గుండెపోటు వచ్చి 3 నుంచి 28 రోజులైనా నాళం పూర్తిగా మూసుకునే ఉండి, ఇబ్బందులు లేకుండా నిలకడగా ఉన్న 2,166 మందిని తీసుకున్నారు. సగం మందికి స్టెంట్‌తో పాటు మందులు, సగం మందికి మందులే. నాలుగేళ్లకు మరణం, మళ్లీ గుండెపోటు, తీవ్రమైన గుండె వైఫల్యం కలిపి స్టెంట్ జట్టులో 17.2 శాతం, మందుల జట్టులో 15.6 శాతం. మేలు కనిపించలేదు. పైరు ఎండిపోయాక కాలువ తెరిచినట్టే ఇదీ. అందుకే 48 గంటలు దాటి, లక్షణాలేవీ లేనివారికి పూర్తిగా మూసుకున్న నాళాన్ని మామూలుగా తెరవవద్దని ఐరోపా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

దీన్ని అందరికీ అన్వయించకూడదు. నొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నా, బీపీ పడిపోతున్నా, గుండె లయ తప్పుతున్నా ఎన్ని గంటలైందన్న లెక్క పక్కనపెట్టి వెంటనే చూడాల్సిందే. నాళం కొంత తెరుచుకుని ఉన్నవారి సంగతి కూడా వేరు.

అపోహ: కనిపించిన బ్లాకులన్నీ ఆ రాత్రే తీసేయించుకోవాలి

గుండెపోటుకు కారణమైన నాళం మాత్రమే అత్యవసరం. 4,041 మందితో జరిగిన ‘కంప్లీట్’ అధ్యయనం (2019) ప్రకారం మిగతా పెద్ద బ్లాకులకూ స్టెంట్ వేస్తే మేలే, కానీ ఆస్పత్రిలో ఉండగానే వేసినా, ఇంటికి వెళ్లి కొన్ని వారాల్లో తిరిగొచ్చి వేయించుకున్నా ఆ మేలు దక్కింది. రెండో విడత డబ్బు సమకూర్చుకోవడానికి కుటుంబానికి వ్యవధి ఉందని దీని అర్థం.

ఈసీజీలో ఆ గీత లేవకుండా ట్రోపోనిన్ అనే రక్తపరీక్షలో మాత్రమే బయటపడే గుండెపోట్లు కూడా చాలానే. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ మంచిదంటారు, పరిస్థితి విషమిస్తే ఇంకా ముందే.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. నొప్పి ఎన్నింటికి మొదలైందో చూసుకోండి, 108కి ఫోన్ చేయండి, ఆస్పత్రిలో అడుగుపెట్టగానే డాక్టర్‌కు ముందు ఆ టైమే చెప్పండి.