పులి అడవిలో ఫొటో తీయాలంటే అనుమతి ఎవరివ్వాలి? ఉదయగిరి, ఆత్మకూరు వైపు రూల్స్ ఏంటి?

‘ఆత్మకూరు టైగర్ ఫారెస్ట్’ అని ఫోన్‌లో వెతికితే వచ్చే సమాచారం దాదాపుగా మన నెల్లూరు ఆత్మకూరుది కాదు. అది నంద్యాల జిల్లా ఆత్మకూరు. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో ఒక డివిజన్ కేంద్రం అదే, బైర్లూటి క్యాంపు ఉన్నదీ అటే. ఊరి పేరు ఒకటే కావడంతో అక్కడి రూల్స్ చదువుకుని ఇక్కడి అడవిలోకి బయల్దేరితే చిక్కే.

నెల్లూరు ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఉన్నవి వెలికొండలు. ఇవి టైగర్ రిజర్వులో లేవు. అలాగని ఖాళీ అడవులూ కావు. నల్లమల నుంచి శేషాచలం వైపు వన్యప్రాణులు కదిలే దారి ఈ కొండల మీదుగానే ఉంది. పెంచలకోన చుట్టూ సుమారు 1,030 చదరపు కిలోమీటర్ల మేర పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. మిగతాది చాలావరకు రిజర్వు ఫారెస్టు.

తేడా ఎక్కడంటే, రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్తే 1967 నాటి ఏపీ అటవీ చట్టం వర్తిస్తుంది. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. ఆ చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఫొటోగ్రఫీకి పర్మిట్ ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. 2022 సవరణలో సినిమా చిత్రీకరణను కూడా చేర్చి, అడవికి గానీ జంతువులకు గానీ హాని జరగకూడదని షరతు పెట్టారు. ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదట అడగాల్సింది మాత్రం మీ రేంజ్ ఆఫీసులోనే. మీరు వెళ్లాలనుకునే చోటు ఏ కోవలోకి వస్తుందో చెప్పగలిగేది వాళ్లే. పైగా ఇది ఎర్రచందనం ప్రాంతం. చీకటి పడ్డాక బ్యాగులతో అడవి అంచున కనిపిస్తే ‘ఫొటోల కోసం వచ్చాం సార్’ అంటే ఎవరూ నమ్మరు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. పక్షి గూటిని, గుడ్లను కదిలించినా చట్టం దృష్టిలో అది వేటే. క్లోజప్ కోసం కొమ్మ వంచడం సరదా పని కాదన్నమాట. కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత జాడ లేకుండా పోయి, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట. టార్చి కొట్టి, ఫోన్‌లో దాని కూత వినిపించి బయటికి రప్పించే ప్రయత్నాలు దానికి కీడే చేస్తాయి.

పులినే చూడాలంటే సరైన దారి సఫారీ. మార్కాపురం, దోర్నాల మీదుగా వెళ్తే తుమ్మలబైలు వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వానాకాలం మూసివేత ఉంటుంది కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. 2012 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం జంతువుకు కనీసం 20 మీటర్ల దూరం పాటించాలి. జంతువు కనిపించిన చోట వాహనానికీ వాహనానికీ మధ్య 50 మీటర్లుండాలి. ఒకే జంతువు దగ్గర 15 నిమిషాలకు మించి ఆగకూడదు. 2025 నవంబరులో కార్బెట్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. రాత్రి సఫారీలు వద్దంది. కోర్ ప్రాంతంలోని పర్యాటక జోన్లలో మొబైల్ ఫోన్లు వాడొద్దంది. అంటే ఫోన్ కెమెరానే నమ్ముకుని వెళ్లేవాళ్లకు నిరాశ తప్పదు. డ్రోన్ అయితే అసలు తీసుకెళ్లొద్దు.

ఇక, పొలం గట్టు మీదో రోడ్డు పక్కనో అనుకోకుండా పులి కనిపిస్తే? దగ్గరికి వెళ్లొద్దు. దూరం నుంచి ఫొటో దొరికిందా, దాన్ని వాట్సాప్ గ్రూపులో వేయకండి. ఎక్కడిదో పాత వీడియో తిరిగినా సరే, మర్నాడు మేకల కాపరులు కొండెక్కడానికి జంకుతారు. నిజమైనదైతే జనం ఎగబడతారు, బెదిరిన పులి ఎటు దూకుతుందో చెప్పలేం. ఫొటోలో లొకేషన్ వివరం ఉండిపోతే వేటగాళ్లకు దారి చూపినట్టే.

ఆ ఫొటో అసలు ఫైలును అటవీ అధికారులకు ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వివరాలూ పోతాయి. నాణ్యతకు ఎందుకంత ప్రాధాన్యమంటే, మనుషుల వేలిముద్రల్లా ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడివైపు చారలు ఒకలా, ఎడమవైపు మరోలా ఉంటాయి. అందుకే అధికారులు బాటకు అటూ ఇటూ జంటగా కెమెరాలు కడతారు. 2018-19 లెక్కింపులో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు సుమారు 3.48 కోట్ల ఫొటోలు తీస్తే, పులులున్నవి 76,651. వాటిని చారల ఆధారంగా పోల్చి 2,461 వేర్వేరు పులులను గుర్తించారు.

మీ ఫొటోలో ఒక పక్క చారలు స్పష్టంగా ఉంటే, ఆ పులి నల్లమల రికార్డుల్లో ఇప్పటికే ఉందో, కొత్తదో పోల్చి చూసే వీలుంటుంది. ఫొటో లేకపోతే పాదముద్ర ఫొటో అయినా తీయండి. పక్కన స్కేలో, పెన్నో పెడితే సైజు తెలుస్తుంది. అధికారులు వచ్చేదాకా ఆ ముద్ర చెరగకుండా మీద ఒక గంప బోర్లించండి.