గుండె బలహీనపడినవారికి నడక మేలు చేయునా?

“కదలబాక నాయనా, ఆయాసమొస్తుంది” అని చెంబెడు నీళ్లు కూడ మంచము వద్దకే అందించుట వాకాడు వంటి తీరగ్రామముల ఇండ్లలో కానవచ్చు దృశ్యము. గుండె బలహీనపడినదని వైద్యుడు చెప్పిననాటి నుండి ఆ పెద్దాయన లోకము మంచమునకే పరిమితమగును. ఇది ప్రేమతో చేయు పనియే. ఒకప్పుడు వైద్యులు సైతము ఇట్లే చెప్పెడివారు. కాని 1980 తరువాత జరిగిన పరిశోధనలు ఈ అభిప్రాయమును మార్చివేసినవి.

గుండె జబ్బు పట్టణవాసులదను భ్రమ కూడ మనము విడువవలసియున్నది. 2003-04 లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే సంభవించినట్లు తేలినది.

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. ఆరోగ్యవంతుని గుండెలోని ఎడమ గది ప్రతి కొట్టుకొనుటలోను తనలోని రక్తములో సగమునకు పైగా బయటకు నెట్టును. గుండెపోటు వలననో, చిరకాలపు రక్తపు పోటు వలననో కండరము దెబ్బతిన్నచో పలువురిలో ఈ పాలు 40 శాతమునకో, అంతకు తక్కువకో పడిపోవును. కాళ్లు వాచును; నాలుగడుగులకే ఎగశ్వాస.

మరి అట్టి గుండెకు నడక భారము కాదా? వరి పండించు రైతులకు ఈ సంగతి తేలికగా బోధపడును. మోటారు బలహీనమైనపుడు చివరి మడికి నీరందదు. అంతమాత్రమున పంటకాలువను పూడనిత్తుమా? పూడిక తీసినచో అదే మోటారుతో మరికొంత దూరము నీరు పారును. మంచము పట్టినవాని కాళ్ల కండరములు కరగి, రక్తములోని ప్రాణవాయువును గ్రహించు శక్తిని కోల్పోవును. నడక ఆ శక్తిని తిరిగి తెచ్చును. రక్తనాళములు చక్కగా విప్పారును. గుండెపై ఒత్తిడి తగ్గును. అనగా లాభములో పెద్ద పాలు కండరములది, నాళములది. గుండె నెట్టు శక్తి కూడ కొందరిలో కొంత మెరుగుపడినది.

అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశములలో 2,331 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితములు 2009 లో వెలువడినవి. వ్యాయామము వలన హాని కలుగలేదు. నడవగల దూరము, దైనందిన జీవితపు సుఖము కొంత పెరిగినవి. మరణములలోను, ఆసుపత్రి చేరికలలోను తగ్గుదల స్వల్పమే. కావున నడకను దివ్యౌషధమని మేము చెప్పబోము. మందులు మానుట ప్రమాదకరము.

ముందుగా వైద్యుని అనుమతి ఉండవలెను. ఆరంభమున ఐదు, పది నిమిషములు చాలును. వారములు గడచుకొలది పెంచవచ్చును. నడచుచు మాటలాడగలిగినంత వేగమే తగిన వేగము. సముద్రతీరపు ఉక్కలో మధ్యాహ్నపు నడక కూడదు, ప్రాతఃకాలము మేలు. కూర్చున్నను ఆయాసము, ఛాతీనొప్పి, కళ్లు తిరుగుట, రెండు మూడు దినములలోనే రెండు కిలోల బరువు పెరుగుట, వీటిలో ఏది కనిపించినను నడక ఆపి వెంటనే వైద్యుని చూడవలెను. ఎండుచేప, ఊరగాయ మన తీరమున ప్రియమైనవే గాని, వాటిలోని ఉప్పు ఒంటిలో నీరు నిలుపును. ఈ మాట చెప్పినపుడు మమ్ము మెచ్చుకొన్నవారు అరుదు!

పంచాయతీ సభ్యులు చేయదగిన పని ఒకటి కలదు. పలు గ్రామములలో చెరువుకట్టలు కంపచెట్లతో మూసుకొనిపోయి, రోగులు లారీలు తిరుగు రోడ్డుపై నడువవలసివచ్చుచున్నది. కంప కొట్టించి, వంద అడుగులకొక అరుగు కట్టించినచో చాలును. గుండె బలహీనుడు ఇంటి గడప దాటుటకు జంకునది దూరమును చూచి కాదు, మధ్యలో ఆయాసము వచ్చినచో కూర్చుండుటకు చోటు లేకపోవుటను చూచి.